గూటి తలుపు తీసింది మొదలు మూసేదాకా

పెరటి కోడి రోజును నడిపేది వెలుతురు. తెల్లారకముందే పుంజు కూస్తుంది. పొద్దు పొడవగానే పెట్టలు గూడు దిగుతాయి, పొద్దెక్కేలోగా గుడ్డు పెడతాయి, ఎండ ముదిరాక నీడపట్టున మట్టిలో పొర్లుతాయి, సందెవేళకు తిరిగి గూటికి చేరతాయి. మంచిర్యాల జిల్లా చెన్నూరులో ఒక ఇంటి దొడ్డిలో తిరిగే నాలుగు నాటు పెట్టలకైనా, హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న వనరాజా, గ్రామప్రియ కోళ్లకైనా వరుస ఇదే. ఇంటి కోళ్లన్నిటికీ మూలమైన ఎర్ర అడవికోడి నుంచి వచ్చిన వారసత్వమిది, ఒకరు నేర్పితే వచ్చింది కాదు. కోళ్లు గుడ్లు సరిగా పెట్టడం లేదని, పక్కింటి గడ్డివాములో పెట్టి వస్తున్నాయని, సాయంత్రం ఇల్లు చేరడం లేదని, ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయని బాధపడే ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి చోట్ల ముందు చూడాల్సింది కోడిని కాదు, ఇంటివాళ్ల వేళలను. ఆ వేళలు సరిచేసుకోవడానికి పైసా ఖర్చు లేదు, వారం రోజుల ఓపిక చాలు.

తొలికోడి కూత

వెలుతురు చూసి పుంజు కూస్తుందంటారు. అలాగైతే చిమ్మచీకట్లో ఎందుకు కూస్తుంది? జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు పుంజులను పగలూ రాత్రీ ఒకే మసక వెలుతురులో ఉంచి గమనించి, 2013లో ఫలితం ప్రకటించారు. బయటి వెలుతురు ఏమాత్రం మారకపోయినా అవి సుమారు ఇరవై నాలుగు గంటలకోసారి, తెల్లవారే వేళకే కూశాయి. కాలం లెక్క పుంజు ఒంట్లోనే ఉందన్నమాట. గుంపులో పెద్ద పుంజు ముందు కూస్తుందని, మిగతావి తమ హోదా ప్రకారం దాని వెనక కూస్తాయని అదే బృందం 2015లో చూపింది.

దీనివల్ల పెంచేవారికి ఒక సంగతి తేలుతుంది. గూటికి గోనెపట్టా కప్పి చీకటి చేసినంత మాత్రాన కూత ఆగదు. రాత్రి షిఫ్టు చేసివచ్చి పడుకునే సింగరేణి బొగ్గుగని కార్మికులున్న వాడలో ఇది చిన్న విషయమేమీ కాదు. గుడ్ల కోసమే పెంచుకునే ఇంటికి అసలు పుంజుతో పనే లేదు. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పెట్ట తన లెక్కన తాను పెడుతూనే ఉంటుంది, ఆ గుడ్లు పొదిగితే పిల్లలు కావు, అంతే తేడా. పిల్లలు కూడా కావాలనుకుంటే ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. చిన్న దొడ్డిలో రెండు పుంజులుంటే పొద్దంతా పోట్లాటే.

తలుపు తీసే వేళ

చెన్నూరు ప్రాంతంలో జూన్‌లో ఆరు కొట్టకముందే పొద్దు పొడుస్తుంది, డిసెంబరు చివరికి ఆరున్నర దాటుతుంది. గూటి తలుపు తీయాల్సింది ఆ పొద్దును బట్టే. గడియారంలో ఒక గంట పెట్టుకుని ఏడాదంతా దానికే కట్టుబడితే ఎండాకాలంలో కోళ్లు గంటకు పైగా లోపలే మగ్గుతాయి. ఇరుకులో, ఆకలి మీద, వెలుతురు వచ్చాక కూడా మూసి ఉంచిన కోళ్లే ఈకలు పీక్కోవడం మొదలుపెడతాయి.

ఒక షిఫ్టు ఇంటిని ఊహించుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. ఇంటాయనకు పొద్దున డ్యూటీ ఉన్న వారం తలుపు అయిదున్నరకే తెరుచుకుంటుంది, రాత్రి డ్యూటీ వారం ఎనిమిదిన్నరకు. ఈ రెండో వారంలో పెట్టలు గూట్లోనే, రెట్టల మీదే గుడ్లు పెడతాయి. కొన్ని గుడ్లు కాళ్ల కింద పగులుతాయి, పగిలినదాన్ని ఒక కోడి రుచి చూస్తుంది, నెల తిరిగేసరికి గుంపంతా గుడ్లు తినడం నేర్చుకుంటుంది. కోళ్ల బుద్ధి చెడిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. తలుపు తీసే పని రోజూ పొద్దున ఇంట్లో ఉండే ఒకరికి, అమ్మమ్మకో బడికెళ్లే పిల్లకో అప్పగించి ఉంటే ఈ తిప్పలే లేవు.

తలుపు తీసిన పది నిమిషాల్లో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి.

1. దిగివచ్చే కోళ్లను లెక్కపెట్టాలి. చురుగ్గా దూకి నీళ్లకేసి పరుగెత్తేది ఆరోగ్యంగా ఉన్న కోడి. ఆఖరున, తల లోపలికి లాక్కుని, ఈకలు ఉబ్బించుకుని వచ్చేదాన్ని ఆ పూట కనిపెట్టి ఉండాలి.

2. గూటి నేల చూడాలి. గోధుమ, బూడిద రంగుల్లో గట్టిగా ఉండి పైన తెల్లటి పూత ఉన్న రెట్ట మామూలు రెట్ట. మధ్యమధ్య నల్లగా, జిగురుగా, వాసనగా ఒకటి కనిపిస్తే కంగారు అక్కర్లేదు, పేగుల్లోని మరో సంచి నుంచి వచ్చేది అలాగే ఉంటుంది. ఆకుపచ్చగా నీళ్లలా ఉన్నా, రక్తం కనిపించినా ఆ కోడిని వెంటనే విడిగా ఉంచాలి.

3. నీళ్ల గురిగి కడిగి కొత్త నీళ్లు పోయాలి. పాచిపట్టిన గురిగిలో మళ్లీ మళ్లీ నీళ్లు పోయడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు.

4. మేత రెండు చోట్ల వేయాలి.

రెండు చోట్ల ఎందుకు? కోళ్ల గుంపులో ఎవరి తర్వాత ఎవరు తినాలో ముందే తేలిపోయి ఉంటుంది. పై కోడి కింది కోడిని పొడుస్తుంది, అది తన కిందిదాన్ని పొడుస్తుంది. నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె చిన్నతనం నుంచి ఇంటి కోళ్లను గమనించి, 1920ల మొదట్లో ఈ పొడుపుల వరుసను శాస్త్రలోకానికి వివరించాడు. ఒక్క పళ్లెమే ఉంటే అట్టడుగు కోడికి నూకలు కూడా మిగలవు. రెండో పళ్లెం పది అడుగుల దూరంలో పెడితే అది అక్కడికి వెళ్లి నిమ్మళంగా తింటుంది. పొడుచుకుంటున్నాయని పై కోడిని కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ వరుస ఉంది కాబట్టే గుంపులో రోజూ కొట్లాట జరగడం లేదు.

మేత, పత్తి చేలు

దొడ్డిలో తిరిగే కోడి సగం తిండి తానే వెతుక్కుంటుంది. పెంటకుప్ప గీరి పురుగులు ఏరుకుంటుంది, గడ్డి గింజలు, లేత ఆకులు, మిడతలు తింటుంది. ఇంట్లోంచి వేసే మక్కలు, జొన్నలు, నూకలు, తవుడు దానికి తోడు. పళ్లు లేని కోడికి గింజ నలిగేది కందనకాయలో, అక్కడ చేరిన చిన్న రాళ్ల మధ్య. అందుకని సిమెంటు చేసిన వాకిట్లో పెరిగే కోళ్లకు ఒక మూల గోదావరి ఇసుక, గరుకు రాళ్లు పోసిపెట్టాలి. పిల్లల కోసం చెదలు పట్టించే పాత పద్ధతి ఇప్పటికీ అక్కరకొస్తుంది. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి, చిరిగిన గోనెముక్కలు కూరి, సాయంత్రం పుట్ట పక్కన బోర్లించి వస్తే తెల్లారేసరికి దాని నిండా చెదలు చేరతాయి. కోడిపిల్లలకు అంతకన్నా బలమైన తిండి బజారులో దొరకదు.

చెన్నూరు చుట్టూ పత్తి ఎక్కువ. అందువల్ల ఇక్కడి కోళ్లకు ఒక ప్రత్యేకమైన ముప్పుంది. విత్తడానికి తెచ్చే పత్తి గింజలకు, మక్క గింజలకు రంగుమందు పూసి ఉంటుంది. మిగిలిన పొట్లం వాకిట్లో పారేస్తే ఒక్కపూటలో గుంపు చచ్చిపోవచ్చు. చేలో పురుగుమందు కొట్టిన రోజుల్లో అటువైపు కోళ్లను వదలకూడదు, మందుకు చచ్చిన పురుగును తిన్నా ప్రమాదమే. బర్రెలకు పెట్టే పత్తిచెక్కనూ కోళ్లకు అందకుండా పెట్టాలి. అందులోని గాసిపాల్ అనే పదార్థం వల్ల, నిలవ ఉంచిన గుడ్డులో పచ్చసొన ఆలివ్ కాయల రంగుకు తిరుగుతుంది. అలాంటి గుడ్డు కొట్టినప్పుడు గుడ్డు మురిగిందనుకుంటారు తప్ప కొట్టంలోని చెక్క ఎవరికీ గుర్తుకు రాదు.

గుడ్డు వేళ

ఒక గుడ్డు తయారుకావడానికి ఇరవై నాలుగు గంటల కన్నా కాస్త ఎక్కువ, సుమారు ఇరవై అయిదు, ఇరవై ఆరు గంటలు పడుతుంది. అందులో ఇరవై గంటల దాకా పెంకుకే సరిపోతుంది. ఈ లెక్క తెలిస్తే చాలా అనుమానాలు తీరతాయి. సోమవారం ఏడింటికి పెట్టిన కోడి మంగళవారం ఎనిమిదికి, బుధవారం ఇంకా ఆలస్యంగా పెట్టి, పొద్దు మరీ జరిగాక ఒకరోజు మానేస్తుంది. మానేసిన రోజు రోగం వచ్చిందని మందులు పోయడం అనవసరం. నాటు పెట్ట ఏడాదికి పెట్టేది ఎంతని? ఎక్కువగా అరవై లోపే. పది, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చోవడం దాని స్వభావం. గ్రామప్రియ లాంటివి అంతకు ఎన్నో రెట్లు పెడతాయి గానీ పొదగడం మీద వాటికి ధ్యాస ఉండదు.

గుడ్డు పెట్టేముందు పెట్ట కాస్త చీకటిగా, మెత్తగా, పక్కన ఆసరా ఉన్న చోటు వెతుక్కుంటుంది. గడ్డివాము, కట్టెల మోపు సందు, బియ్యం బస్తాల వెనక మూల దానికి నచ్చడం అందుకే. ఇంట్లోనే అలాంటి చోటు ఉంటే పక్కింటికి ఎందుకు పోతుంది? అడుగు వెడల్పున్న గంపలో వరిగడ్డి పరిచి, గోడ వారగా, మనుషుల రాకపోకలు లేని చోట పెట్టాలి. నాలుగు పెట్టలకు ఒక గంప సరిపోతుంది. గుర్తుకోసం అందులో ఒక సుద్ద గుడ్డునో, తెల్లటి గుండ్రాయినో ఉంచాలి. ముందే ఒక గుడ్డు కనిపించిన చోటు కోడికి భద్రంగా తోస్తుంది. బయట పెట్టడం మరిగినదాన్ని నాలుగు రోజులు పొద్దున పది దాకా గంప ఉన్న కొట్టంలోనే ఆపితే తోవకొస్తుంది. గుడ్డు పెట్టాక అది చేసే గోల విని అప్పుడే చేయి పెట్టి తీయడం మంచిది కాదు, దిగి వెళ్లాక తీయాలి. మధ్యాహ్నం లోపు మాత్రం తప్పకుండా తీయాలి, లేకపోతే పాము వస్తుంది.

ఎండ ముదిరాక

మధ్యాహ్నం కోడి నేలలో గుంత చేసుకుని, ఒక పక్కకు ఒరిగి, రెక్కలతో మట్టి ఎగజిమ్ముకుంటూ అరగంట దాకా పొర్లుతుంది. కొత్తవాళ్లు దీన్ని మూర్ఛ అనుకుని నీళ్లు చల్లుతారు. అది కోడి స్నానం. పొడిమట్టి ఈకల్లోని పాత జిడ్డును పీల్చుకుంటుంది, పేలను రాలుస్తుంది. వానాకాలంలో పొడి నేల దొరకదు కాబట్టి చూరు కింద ఒక వెడల్పాటి గంపలో మట్టి, ఇసుక, జల్లించిన కట్టెల బూడిద కలిపి పెట్టాలి. మందులేవీ వాడకుండా పేల బెడదను అదుపులో ఉంచే పని ఇది, అయినా ఎక్కువ ఇళ్లలో దీన్ని పట్టించుకోరు.

ఎండాకాలం వేరే సంగతి. మే నెలలో మంచిర్యాల జిల్లా ఎండ నలభై అయిదు డిగ్రీలు తాకే రోజులుంటాయి. కోడి ఒంటి వేడి మామూలుగానే నలభై ఒకటి. దానికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి ఎగపోయడం, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకోవడం, ఇవే దానికున్న దారులు. అలా ఎగపోసినప్పుడు ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోవడం వల్ల పెంకుకు కావాల్సిన ముడిసరుకు తగ్గి, ఎండాకాలపు గుడ్లు పలచని పెంకుతో వస్తాయి. ఆ రెండు నెలలు మేత తెల్లవారుజామున, చల్లబడ్డాక మాత్రమే వేయాలి. తిన్నది అరిగేటప్పుడూ వేడి పుడుతుంది కనుక మిట్టమధ్యాహ్నం గింజలు చల్లడం కోడికి మేలు చేయదు. మట్టి గురుగుల్లో మూడు, నాలుగు చోట్ల, నీడలో నీళ్లు పెట్టాలి. రేకుల గూడైతే పైన గడ్డి పరిచి తడపాలి. సొమ్మసిల్లిన కోడి కాళ్లు చల్లటి నీళ్లలో ఉంచి, ముక్కుకు నీళ్లు అందించాలి, ఐసు నీళ్లలో ముంచకూడదు.

దొడ్డిలో కోళ్ల అరుపు వినడం కూడా నేర్చుకోదగిన పనే. గద్ద నీడ పడితే ఒకే సన్నటి, సాగిన కూత వినిపించి అంతా నేలకు అతుక్కుపోతాయి. కుక్కో, పిల్లో, ముంగిసో వస్తే ఆగకుండా బిగ్గరగా కొక్కొక్కొమంటాయి. మొదటి అరుపుకు పైకి చూడాలి, రెండోదానికి కంచె వైపు పరుగెత్తాలి.

పొద్దుగూకే వేళ

వెలుతురు సన్నగిల్లేసరికి కోళ్లు చివరిసారి ఆబగా తిని గూటివైపు కదులుతాయి. చీకట్లో వాటికి చూపు ఆనదు, అందుకే ఎత్తైన చోటు కోసం తొందర. సాయంత్రం రోజూ ఒకే వేళకు, ఒకే పిలుపుతో, ఒకే డబ్బా చప్పుడుతో గూటి ముందు గుప్పెడు మక్కలు చల్లితే వారంలో అలవాటు పడతాయి. చీకట్లో టార్చి పట్టుకుని వేపచెట్టు ఎక్కే పని తప్పుతుంది.

ఆ మక్కలతో పాటు గుడ్డు పెంకులు వేయించి, పొడిచేసి వేయాలి. పెంకు ఎక్కువగా పెరిగేది రాత్రిపూటే, కాబట్టి కాల్షియం సాయంత్రం అందితే బాగా పనికొస్తుంది. వేయించకుండా, పొడి చేయకుండా చిప్పలుగానే వేస్తే గుడ్డు కొట్టుకు తినడం నేర్పినట్టే.

గూట్లో కూర్చునే కర్ర రెండు అంగుళాల మందంతో, అంచులు నున్నగా ఉండాలి. కోడికి జానెడు చోటు చాలు. కర్ర గుడ్ల గంప కన్నా ఎత్తులో ఉండాలి, లేదంటే గంపలోనే పడుకుని దాన్ని రెట్టలతో నింపుతాయి. బరువైన వనరాజా కోళ్లకు కర్ర మరీ ఎత్తులో కడితే దూకినప్పుడు కాళ్లు దెబ్బతింటాయి. కిటికీకి కొట్టే జాలీ కళ్లు అర అంగుళం దాటకూడదు. చలికాలంలో గాలి కొట్టే వైపు గోనెపట్టా కట్టాలి గానీ పైభాగం తెరిచే ఉంచాలి. అంతా మూసేస్తే రెట్టల ఘాటు కళ్లకు, ఊపిరికి చేటు చేస్తుంది.

వరుస తప్పే రోజులు

పొదుగుకొచ్చిన పెట్ట అంత తేలిగ్గా గంప దిగదు, దగ్గరికెళ్తే ఈకలు విచ్చి కర్రుమంటుంది. పిల్లలు కావాలంటే పది, పన్నెండు గుడ్లు, వారం లోపు పెట్టినవి, చల్లటి చోట దాచినవి పెట్టాలి. ఇరవై ఒక్క రోజుల్లో పిల్లలవుతాయి. కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. ఎండాకాలం గుడ్లు పొదుగుకు పెట్టకముందే వేడికి లోపల పాడవుతాయి. ఉరుములకు గుడ్లు మురుగుతాయని కొన్ని ఇళ్లలో గంపలో ఇనుప ముక్క, బొగ్గు, మిరపకాయ వేస్తారు. దానివల్ల నష్టమేమీ లేదు. కాకపోతే అంతకన్నా ముఖ్యం, రోజుకోసారి దిగే ఆ పదిహేను, ఇరవై నిమిషాల్లో పెట్టకు మేత, నీళ్లు ఎదురుగా ఉండడం. పొదుగు వద్దనుకుంటే కింద గాలి ఆడే జాలీ గంపలో మూడు, నాలుగు రోజులు మేత, నీళ్లతో ఉంచితే ఒంటి కింది వేడి తగ్గి మామూలవుతుంది. ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం హింస. ఆ పనులు ఎవరు చెప్పినా చేయకూడదు.

వానలు వెనకబట్టి పగలు తగ్గేటప్పుడు కోడి ఈకలు రాల్చుకుంటుంది, గుడ్లు ఆపుతుంది. రెండు, మూడు నెలలు పట్టే ఈ దశలో దానికి కావాల్సింది పురుగులు, పప్పు పొట్టు, ఉడికించిన గుడ్డు లాంటి బలమైన తిండి. ఆ రోజుల్లో ముట్టుకుంటే కొత్త ఈకల మొదళ్లు నొప్పెడతాయి. ఇంట్లో పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి.

కొత్త కోడిని తెచ్చినప్పుడు నేరుగా గుంపులో వదలడం పెద్ద తప్పు. మొదట రెండు వారాలు దూరంగా, విడిగా ఉంచాలి. రోగమేదైనా ఉంటే ఆ గడువులో బయటపడుతుంది. ఆ తర్వాత వారం రోజులు జాలీకి అటు కొత్తది, ఇటు పాతవి ఒకదానికొకటి కనిపించేలా ఉంచి, ఒక సాయంత్రం చీకటి పడ్డాక కర్ర మీద పక్కన కూర్చోబెట్టాలి. కొత్తది రెండైతే ఇంకా మంచిది, పొడుపులు పంచుకుంటాయి.

రోగాల్లో అన్నిటికన్నా భయపడాల్సింది కొక్కెర తెగులు. ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ పట్టణం పేరుతో పిలిచే ఈ వైరస్ రోగానికి మందు లేదు, టీకా ఒక్కటే దారి. మెడ తిప్పుకోవడం, ఆకుపచ్చ పారుడు, నోరు తెరిచి గురక దీని గుర్తులు. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్కగా లసోటా టీకా, నాలుగో వారంలో మరో చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా సూది వేయించాలి. సీసా ఒకటి తెరిస్తే చాలా కోళ్లకు సరిపోతుంది, తెరిచాక నిలవ ఉండదు. అందువల్ల వాడలో నాలుగు ఇళ్లవాళ్లు కలిసి ఒకే పొద్దున పశువైద్యశాల సిబ్బందితో వేయించుకుంటే అందరి కోళ్లకూ అందుతుంది. ఆ పనికి ఎండ ఎక్కకముందు, గూటి తలుపు ఇంకా తీయని వేళ అనువుగా ఉంటుంది. పట్టుకోవడానికి దొడ్డంతా తరమాల్సిన అవసరం ఉండదు.